గోధుమ పొలాల నడుమ ఊరికి ఉద్యోగానికి వెళ్లే వాళ్లకు

ఆస్ట్రేలియాలో ‘కంట్రీ టౌన్’ అనే ఊరు మన లెక్కకు పల్లెటూరూ కాదు, పట్నమూ కాదు. రెండు వేల మంది ఉండే చోట కూడా ఒక చిన్న ఆసుపత్రి, హైస్కూలు, సూపర్ మార్కెట్, బేకరీ, ఈత కొలను, ఫుట్‌బాల్ మైదానం కనిపిస్తాయి. ఊరు దాటితే మాత్రం పక్క ఊరికి ముప్ఫై నలభై కిలోమీటర్లు పొలాల మధ్యే పోవాలి. దారిలో టీకొట్టు ఉండదు, నడిచి పోయే మనిషి కనబడడు. విక్టోరియా రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న విమ్మెరా ప్రాంతం అలాంటిదే. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వెళ్లే వెస్టర్న్ హైవే మీద దాదాపు 300 కిలోమీటర్ల దగ్గర హార్షమ్ వస్తుంది. అది దాటితే డింబూలా, ఇంకా ముందుకు పోతే నిల్. గోధుమ, బార్లీ, కనోలా, మసూర్ పండే నేల ఇది. ఇక్కడి మసూర్ పప్పు ఓడలెక్కి భారతదేశానికీ వస్తుంది. ఈ నేలకు తొలి నుంచీ హక్కుదారులైన వొట్జోబలుక్ ప్రజల హక్కును 2005లో న్యాయస్థానం గుర్తించింది. ఊరిని ఎరిగినవాళ్లు ఆ మాట మరచిపోరు, కొత్తగా వెళ్లేవాళ్లూ తెలుసుకొని వెళ్లాలి.

ఇలాంటి ఊళ్లకు మనుషులు కావాలి. అక్కడ పుట్టిన పిల్లలు పై చదువులకు నగరానికి వెళ్లి చాలామంది వెనక్కి రారు. ముసలివాళ్లు మిగులుతారు, వాళ్లను చూసుకోవడానికి నర్సులు, సంరక్షకులు దొరకరు. డాక్టర్లు, టీచర్లు, డీజిల్ మెకానిక్‌లు, వ్యవసాయ నిపుణులు, కోళ్ల పరిశ్రమ కార్మికులు, అందరి కొరతా ఉంది. విదేశాల్లో చదివిన డాక్టర్లకు ప్రభుత్వ ఆరోగ్య పథకమైన మెడికేర్ కింద వైద్యం చేసే అర్హత పదేళ్ల పాటు ఎక్కువగా ఇలాంటి కొరత ప్రాంతాలకే పరిమితం. గుంటూరులోనో వరంగల్‌లోనో చదివిన డాక్టరు ఏ గోధుమ పొలాల ఊళ్లోనో కనిపించడానికి ఈ నియమం ఒక పెద్ద కారణం.

వీసాల సంగతి ముందే స్పష్టంగా తెలిసి ఉండాలి. ‘రీజినల్’ వీసాగా అందరూ చెప్పుకునే 491 అన్నది 2019 నవంబర్‌లో మొదలైంది. గడువు 5 ఏళ్లు. దానికి నామినేషన్ దొరికితే పాయింట్ల లెక్కలో 15 కలుస్తాయి. నాటి (NAATI) అనే సంస్థ పెట్టే సీసీఎల్ పరీక్ష తెలుగులోనూ ఉంది. ఇద్దరు మాట్లాడుకునే మాటలను తెలుగు నుంచి ఇంగ్లిషుకు, ఇంగ్లిషు నుంచి తెలుగుకు చెప్పాలి, నెగ్గితే మరో 5 పాయింట్లు. మూడేళ్లు నియమాల ప్రకారం ఉండి, పన్నుల కాగితాలు సరిగ్గా ఉంటే 191 కింద శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా ఈ లెక్కలో రీజినలే. ఉండటమూ పని చేయడమూ చదవడమూ ఆ ప్రాంతంలోనే జరగాలి. హార్షమ్ చిరునామా చూపించి మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టడం కొందరు తెలివి అనుకుంటారు. అది వీసాకే ఎసరు పెడుతుంది. స్పాన్సర్ చేస్తామని డబ్బు అడిగేవాళ్లు తగులుతారు. ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ చట్టవిరుద్ధమే కాబట్టి అలాంటి మాట వినపడగానే పక్కకు తప్పుకోవాలి.

నియమాలు తెలిసినా చాలామందిని దెబ్బ తీసేది ఒక ఆలోచన. ‘మూడేళ్లు ఎలాగో ఈడ్చేస్తే చాలు’ అనుకొని వెళ్లేవాళ్లు పెట్టె విప్పకుండానే బతుకుతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా డ్యూటీ, శుక్రవారం సాయంత్రం కారెక్కి మెల్‌బోర్న్, ఆదివారం అర్ధరాత్రి తిరుగు ప్రయాణం. ఆరు నెలలైనా పక్కింటి మనిషి పేరు తెలియదు. ఊరు కూడా వాళ్లను అలాగే చూస్తుంది, పోయేవాళ్లే కదా అని. మూడేళ్లకే వెళ్లినా ఉండిపోవడానికి వచ్చినట్టు ఉంటేనే ఆ మూడేళ్లూ సుఖంగా సాగుతాయి.

నిల్ ఊరి కథ ఈ విషయంలో మంచి పాఠం. అక్కడి బాతుల పరిశ్రమకు పనివాళ్లు దొరక్క, 2010 ప్రాంతంలో బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కరెన్ ప్రజలను కొద్దిమందిని తీసుకొచ్చి మొదలుపెట్టారు. ఒకేసారి గుంపుగా కాకుండా, ఊరి పెద్దలతో ముందే మాట్లాడి, ఇళ్లు చూసి, కొద్దికొద్దిగా రప్పించారు. కొన్నేళ్లలో ఊరి జనాభాలో దాదాపు పదో వంతు వాళ్లే అయ్యారు. 2015లో డెలాయిట్, ఏమ్స్ సంస్థలు చేసిన అధ్యయనం వాళ్ల రాకతో ఆ ప్రాంత ఆర్థిక వ్యవస్థకు 4.15 కోట్ల డాలర్ల మేలు జరిగిందని లెక్క కట్టింది. అంతకన్నా చూడవలసింది ఇంకొకటుంది: పరిశ్రమలో పని చేయని ఆడవాళ్లు కుట్టుపని, నేతపనితో సొంత దుకాణం పెట్టుకున్నారు, కూరగాయల తోట వేసుకున్నారు. ఇంట్లో ఒకరికే పని ఉంటే కుటుంబం నిలవదని వాళ్లకు ముందే తెలుసు.

తెలుగు కుటుంబాలు తరచుగా తడబడేదీ ఇక్కడే. ఉద్యోగం ఉన్నవాళ్లకు పొద్దున్నే వెళ్లడానికి ఒక చోటు, పలకరించడానికి నలుగురు మనుషులు ఉంటారు. వెంట వెళ్లిన భార్యకో భర్తకో ఏమీ ఉండదు. బయట నలభై డిగ్రీల ఎండ, వీధిలో అలికిడి లేదు, ఇండియాలో అమ్మకు ఫోన్ చేద్దామంటే అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఊరు వదిలిపోయిన కుటుంబాల్లో అసలు కారణం జీతం కన్నా ఈ ఒంటరితనమే ఎక్కువ. అందుకే ఉద్యోగం ఒప్పుకునే ముందే ఆ ఊళ్లో రెండో మనిషికి ఏ పని దొరుకుతుందో, పిల్లల్ని చూసుకునే చోటు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. చైల్డ్‌కేర్ చాలా ఊళ్లలో దొరకదు, కడుపులో బిడ్డ ఉన్నప్పుడే పేరు రాయించుకునేవాళ్లుంటారు. ఇద్దరూ డ్రైవింగ్ నేర్చుకొని తీరాలి. కారు ఒకరికే వస్తే రెండోవాళ్లు ఇంట్లో బందీ అయినట్టే.

ఇల్లు దొరకడం ఇప్పుడు తేలిక కాదు. అద్దె వారానికింత అని చెబుతారు, సాధారణంగా నాలుగు వారాల అద్దె బాండ్‌గా కట్టాలి. ఇంట్లో దిగే ముందే ‘కండిషన్ రిపోర్ట్’ అనే కాగితం చేతికి రావాలి. విక్టోరియాలో దాన్ని దిగిన ఐదు పనిదినాల్లోపు నింపి ఇవ్వాలి. గోడ మీద గీత, కార్పెట్ మీద మరక, విరిగిన గొళ్లెం, అన్నీ ఫోటో తీసి రాసిపెట్టుకోకపోతే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల నెత్తిన పడుతుంది. హీటరు పని చేస్తుందో లేదో చూడటం మరవకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం, తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా గట్టిపడి ఉంటుంది.

రోడ్డు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇండియా లైసెన్సుతో విక్టోరియాలో తాత్కాలిక వీసా వాళ్లు 6 నెలలే నడపగలరు, ఆ లోపు అక్కడి పరీక్షలు నెగ్గాలి. పాత కారు కొంటే రోడ్‌వర్తీ సర్టిఫికెట్ లేకుండా కొనకూడదు. ఎడమ పక్కనే నడపాలి కాబట్టి చేతికి కొత్తేం కాదు. కొత్తదల్లా దూరం. 100 వేగంతో గంటల తరబడి తిన్నగా సాగే రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది. పొద్దు పొడిచేటప్పుడూ పొద్దుగూకేటప్పుడూ కంగారూలు రోడ్డెక్కుతాయి. ఒకటి అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేయాలే తప్ప స్టీరింగు తిప్పకూడదు. తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్నవాళ్లే ఎక్కువగా ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆ వేళల్లో ప్రయాణమే మానుకుంటే ఇంకా మంచిది. ఊరు దాటగానే ఫోన్ సిగ్నల్ పోతుంది. కారులో నీళ్లు, దుప్పటి, స్టెపినీ ఎప్పుడూ ఉండాలి. మెల్‌బోర్న్, అడిలైడ్ మధ్య నడిచే ఓవర్‌ల్యాండ్ రైలు హార్షమ్, డింబూలా, నిల్ మూడింట్లోనూ ఆగుతుంది కానీ వారానికి రెండు సార్లే వస్తుంది.

ఆ రోడ్ల మీదే ఇంకో చిన్న విషయం కనిపిస్తుంది. ఎదురుగా వచ్చే యూట్ (వెనక సరుకులు వేసుకునే బండి)లోని రైతు స్టీరింగు మీద నుంచి చెయ్యి తీయకుండానే చూపుడు వేలు ఒక్కటి పైకెత్తుతాడు. ముఖంలో నవ్వు ఉండకపోవచ్చు, తల ఊపకపోవచ్చు. అదే పలకరింపు. బదులుగా ఇటు నుంచీ ఒక వేలు లేవాలి. వారం తర్వాత అదే మనిషి సూపర్ మార్కెట్‌లో ఎదురై ‘హౌ యా గోయింగ్’ అంటాడు. దానికి ఆరోగ్యం గురించి వివరంగా చెప్పనక్కర్లేదు, ‘గుడ్ థాంక్స్, యూ?’ చాలు. అరవై ఏళ్ల మనిషినైనా, పై అధికారినైనా పేరు పెట్టే పిలుస్తారు. మన నోటికి అది మొదట్లో అమర్యాదగా తోస్తుంది, కానీ అక్కడ ‘సార్’ అంటేనే మనిషిని దూరం పెట్టినట్టు. సాయంత్రం ‘టీ’కి రమ్మంటే అది చాయ్ కాదు, రాత్రి భోజనం. ‘స్మోకో’ అంటే సిగరెట్టు కాదు, పనిలో విరామం.

ఆహ్వానంలో ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అని ఉంటే ఖాళీ పళ్లెం పట్టుకెళ్లకూడదు. అందరూ పంచుకు తినేలా ఒక వంటకం చేసి తెమ్మని దానర్థం. పులిహోర బాగా పనికొస్తుంది, చల్లారినా రుచి చెడదు. అయితే అందులో వేరుశెనగలు ఉంటాయి, వేరుశెనగ పడని పిల్లలు అక్కడ ఉండొచ్చు. ఒక గిన్నె పప్పులు లేకుండా కలిపి, పక్కన చీటీ మీద ఏమేం వేశారో రాసిపెడితే తల్లులు నిశ్చింతగా పిల్లలకు పెడతారు, మళ్లీ పిలుస్తారు. వంట వల్ల ఊళ్లో కలిసిపోయిన తెలుగువాళ్లు తక్కువేం కాదు.

ఊరి బతుకంతా క్లబ్బుల చుట్టూ, స్వచ్ఛందంగా చేసే పనుల చుట్టూ తిరుగుతుంది. శీతాకాలం శనివారాల్లో ఫుట్‌బాల్, నెట్‌బాల్, ఎండాకాలంలో క్రికెట్. ఆడటం రాకపోయినా క్యాంటీన్‌లో రెండు గంటలు నిలబడి టీ పోస్తే చాలు, సగం ఊరు ముఖం గుర్తు పడుతుంది. క్రికెట్ వచ్చిన తెలుగు కుర్రాడికైతే తలుపు తెరిచే ఉంటుంది, చిన్న ఊళ్లలో పదకొండు మందిని పోగుచేయడమే వాళ్లకు కష్టం. ఏప్రిల్ 25న తెల్లవారకముందే అమరవీరుల స్తూపం దగ్గర, యుద్ధాల్లో పోయినవాళ్లను తలచుకునే ఆన్‌జాక్ దినం జరుగుతుంది. ఆ స్తూపం మీద చెక్కిన పేర్లు ఊరి ఇళ్లవే. ఆ చీకట్లో ఒక కొత్త కుటుంబం నిశ్శబ్దంగా వచ్చి నిలబడితే ఊరు గమనిస్తుంది. వింతగా చూసేవాళ్లూ, మనసు నొప్పించేలా మాట్లాడేవాళ్లూ ఒకరిద్దరు ఉంటారు. పనిచోట వివక్ష జరిగితే తేదీ, మాట రాసిపెట్టుకోవాలి, సర్దుకుపోదాంలే అని వదిలేయకూడదు.

నిప్పు విషయంలో ఏమరుపాటు పనికిరాదు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో వచ్చిన ‘బ్లాక్ సాటర్‌డే’ మంటల్లో 173 మంది చనిపోయారు. ఆ రోజు హార్షమ్ అంచున కూడా ఇళ్లు కాలాయి. 2022 నుంచి నిప్పు ప్రమాదాన్ని నాలుగు మెట్లుగా ప్రకటిస్తున్నారు. పై మెట్టు ‘కెటాస్ట్రోఫిక్’, ఆ రోజు పొలాల ప్రాంతం వదిలి ముందు రోజు రాత్రే వెళ్లిపోవడం ఉత్తమం. హెచ్చరికలు పంపే విక్‌ఎమర్జెన్సీ యాప్ ఫోన్‌లో ఉండాలి. ‘టోటల్ ఫైర్ బ్యాన్’ రోజున ఆరుబయట హోమం, కట్టెల పొయ్యి ఏదీ కుదరదు. దీపావళి టపాకాయలు లైసెన్సు లేకుండా కాల్చడం విక్టోరియాలో ఎప్పుడూ నేరమే, అదీ గడ్డి ఎండిపోయే కాలంలో వచ్చే పండుగ. ప్రమిదలు వరండాలో, గాలి తగలని చోట పెట్టుకుంటే పండుగ పండుగలాగే ఉంటుంది.

పాము కాటు వేస్తే కట్టు కట్టే తీరు మన ఊళ్ల అలవాటుకు వేరు. కోయకూడదు, తాడు బిగించకూడదు, గాయం కడగకూడదు. వెడల్పాటి సాగే బ్యాండేజీని కాటు పడిన కాలికో చేతికో మొత్తంగా గట్టిగా చుట్టి, మనిషిని కదలనీయకుండా పడుకోబెట్టి 000కి ఫోన్ చేయాలి. 491 వీసా వాళ్లకు మెడికేర్ దొరుకుతుంది, కానీ అంబులెన్సు ఖర్చు దానిలో రాదు. అంబులెన్స్ విక్టోరియా సభ్యత్వం మొదటి వారంలోనే తీసుకోవాలి. దూరపు ఊరి నుంచి రోగిని మెల్‌బోర్న్ చేర్చడానికయ్యే బిల్లు సామాన్యమైనది కాదు.

తిండికి ఇబ్బంది కొద్దికాలమే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, సరుకుల దుకాణాలూ అక్కడే. విమ్మెరా నుంచి వచ్చేవాళ్లకు ఆ వైపు నగరం లోపలికి పోకుండానే తగులుతుంది. నెలకోసారి వెళ్తే సరిపోతుంది, వారం వారం వెళ్తే ఊరు చేజారుతుంది. ఇండియా నుంచి విత్తనాలు దాచి తెస్తే విమానాశ్రయంలో జరిమానా తప్పదు, ఏది తెచ్చినా ప్రయాణికులు దిగేటప్పుడు ఇచ్చే ప్రకటన కార్డు మీద రాయాలి. కరివేపాకు మొక్క నేలలో పెడితే మంచుకు మాడిపోతుంది. కుండీలో పెంచి చలికాలం లోపలికి తెచ్చుకోవాలి.

జీతం కాగితం ప్రతిసారీ చేతికి రావాలి, అందులో సూపర్ (పదవీ విరమణ నిధి) జమ చూపాలి. 2025 జూలై నుంచి అది జీతంలో 12 శాతం. పన్ను శాఖ ఏటా ఇచ్చే ‘నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్’, అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు మొదటి నెల నుంచే ఒక ఫైల్లో పెట్టుకుంటే మూడేళ్ల తర్వాత వెతుకులాట ఉండదు. శాశ్వత నివాసం వచ్చాక ఉండాలా, నగరానికి మారాలా అన్నది పిల్లల చదువు, ఇద్దరి ఉద్యోగాలు చూసుకొని ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. వెళ్లిపోవాలని నిర్ణయిస్తే ఆ మాట ఆసుపత్రికో బడికో నోటీసు గడువు కన్నా రెండు మూడు నెలలు ముందే చెప్పడం మంచిది. చిన్న ఊళ్లో ఒక నర్సు స్థానంలో ఇంకొకరు దొరకడానికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ అక్కడి ముసలివాళ్లు ఎదురు చూస్తూ ఉంటారు.