బోర్డో మిశ్రమంలో సున్నం కిలో ఎందుకు?

నిమ్మలో గజ్జి తెగులుకూ, కొబ్బరిలో మొవ్వుకుళ్లుకూ ఒక శాతం బోర్డో మిశ్రమం వాడమంటారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. లెక్క అందరికీ తెలిసిందే. అయినా ఒక్కోసారి మందు కొట్టిన రెండు రోజులకే లేత ఆకు మాడిపోతుంది. తప్పు చాలాసార్లు సున్నంలోనే ఉంటుంది.

మైలుతుత్తం నీళ్లలో కరిగితే రాగి విడిపడి ఆకును కాలుస్తుంది. సున్నపుతేట కాదు, సున్నపు పాలు కలిస్తే ఆ రాగి నీటిలో కరగని నీలిరంగు పదార్థంగా (కాపర్ హైడ్రాక్సైడ్) మారి ఆకుకు అంటుకుంటుంది, కొద్దికొద్దిగా పనిచేస్తుంది. పక్కన జిప్సం తయారవుతుంది.

ఇక్కడ జత గింజకు గింజే గాని కిలోకు కిలో కాదు. వేరుశనగ గింజకొక నువ్వుగింజ చొప్పున జతచేస్తే, కిలో వేరుశనగకు కిలో నువ్వులు పట్టవు గదా! రసాయనాలూ అంతే. మైలుతుత్తం అణుభారం సుమారు 250 (అందులో 90 వంతులు నీరే), కాల్చిన గడ్డ సున్నానిది 56. అంటే కిలో మైలుతుత్తానికి నికరంగా కావలసిన సున్నం 224 గ్రాములే.

మరి కిలో ఎందుకు వేయమంటారు? మన చేతికొచ్చే సున్నం స్వచ్ఛంగా ఉండదు. రాళ్లుంటాయి, సరిగా కాలని ముక్కలుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, గోనెసంచిలో నిలవున్న సున్నం గాలిలోని తేమనూ, బొగ్గుపులుసు వాయువునూ పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అయిపోతుంది. అది చూడ్డానికి తెల్లని పొడే, పని మాత్రం చేయదు. అనుమానంగా ఉంటే చిటికెడు పొడి మీద నిమ్మరసం పిండండి. నురగతో బుసబుసా పొంగితే అది పాత సరుకు. తాజా గడ్డ సున్నం తెచ్చి, అప్పటికప్పుడు నీళ్లు చల్లి పొంగించుకోవడం మేలు. ఈ పనిలో కళ్లు జాగ్రత్త. పావుకిలో చాలని లెక్క చెప్పినా, ఆదాకు పోయి సున్నం తగ్గించకండి.

మైలుతుత్తాన్ని 50 లీటర్లలో, సున్నాన్ని 50 లీటర్లలో వేరువేరుగా కలిపి, సున్నపు పాలను గుడ్డతో వడకట్టాలి. మైలుతుత్తం నీళ్లను సున్నపు పాలలోకి పోస్తూ కర్రతో కలియబెట్టాలి. పాత్రలు మట్టివో, ప్లాస్టిక్‌వో అయి ఉండాలి. ఇనుప డబ్బా పనికిరాదు. కిలో మైలుతుత్తానికి 224 గ్రాముల దాకా ఇనుమును తినే శక్తి ఉంది, డబ్బా పోవడమే కాక మందులో రాగీ తగ్గుతుంది.

సున్నం చాలిందా లేదా అని తేల్చేది కూడా ఈ ఇనుమే. బాగా తోమిన కత్తిని మిశ్రమంలో ఒక నిమిషం ముంచి తీయండి. కత్తిపై ఎర్రని రాగిపూత పడితే ఇంకా రాగి విడిగా ఉన్నట్టే. పూత పడనిదాకా సున్నపు పాలు కొంచెం కొంచెంగా కలపాలి. అలాగని మరీ ఎక్కువ పోస్తే మందు మెల్లగా పనిచేస్తుంది, నాజిలూ పూడుతుంది.

కత్తి పరీక్షకు ఖర్చేమీ లేదు, అయినా చేసేవారు తక్కువే! ప్రతి విడత కలిపినప్పుడల్లా చేయాలి, ఎందుకంటే నిన్నటి సంచిలో సున్నం ఇవాళ అదే బలంతో ఉండదు. కలిపిన మిశ్రమాన్ని ఆ రోజే కొట్టేయాలి. మర్నాటికి రేణువులు గడ్డకట్టి అడుక్కి దిగి, ఆకును పట్టుకోవు.