ఆన్‌లైన్ ఆట: వయసు అంకె ఒక్కటే చాలదు



2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధించారు. 2021లో అలాంటి ఆటే బీజీఎంఐ పేరుతో వచ్చింది. పేర్లు మారుతుంటాయి, కనుక ఏ ఆటనైనా తూచి చూడడం మనకు తెలియాలి.

ప్లే స్టోర్‌లో కనిపించే 7+, 12+ అంకెలు ఆటలోని హింస, భాష వంటివి చూసి ఇచ్చినవి. నల్లగొండలో ఇంట్లో కూర్చున్న మీ బిడ్డతో అవతలివాళ్లు ఏం మాట్లాడతారో అవి చెప్పవు. ముందు మీరే ఒకసారి ఆడి, మూడు చూడండి.

1. వాయిస్ చాట్, మెసేజ్‌లు ఆపేసే వీలుందా?

2. డబ్బు పెట్టి కొనమంటోందా? యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వకండి.

3. అన్నానికి పిలిస్తే మధ్యలో లేవగలరా? జట్టు ఆటల్లో కష్టం. నిమిషాలకు బదులు మ్యాచ్‌ల లెక్క పెట్టండి.

ఎవరైనా ఫొటో అడిగితే మీకు చెప్పమనండి, తిట్టబోమని మాటివ్వండి. భయపడితే పిల్లలు దాస్తారు. మోసపోయి డబ్బు పోతే 1930కి, పిల్లలకు ఆపద అనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.