గాలిని కొలిచే కొలువు

దిల్లీలో అశోకా రోడ్డు అనగానే మనవాళ్లకు ఏపీ భవన్ క్యాంటీన్ గుర్తొస్తుంది. అక్కడ భోజనానికి వచ్చే మన కుర్రాళ్లలో సివిల్స్‌కు చదివేవాళ్లు ఎక్కువ. అక్కడికి దగ్గర్లోనే, ఇండియా గేట్ పక్కన మేజర్ ధ్యాన్‌చంద్ స్టేడియంలో దిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీ గాలి నాణ్యతా కేంద్రం ఉంది. చలికాలంలో ఫోన్లో ఏక్యూఐ (గాలి నాణ్యతా సూచీ) చూడనిదే ఎవరూ బయటికి కదలరు. ఆ అంకెను తయారుచేసే పనిలో కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాళ్లకు చోటుంది. మన విద్యార్థులు ఇటువైపు ఇంకా సరిగ్గా చూడటం లేదని నా బాధ.

ముందు పనేమిటో తెలియాలి. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న కణాలు. ఇవి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వీటిని కొలిచే పాత పద్ధతి తూకం. ఒక వడపోత బిళ్లను స్థిరమైన ఉష్ణోగ్రత, తేమ ఉన్న గదిలో ఒక రోజు ఉంచి, మైక్రోబ్యాలెన్స్ మీద తూచి, శాంప్లర్‌లో పెడతారు. అది నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటల్లో 24 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. మర్నాడు మళ్లీ అదే గదిలో ఉంచి తూస్తారు. బరువు 2.4 మిల్లీగ్రాములు పెరిగిందనుకోండి, ఆ రోజు పీఎం 2.5 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. మన దేశంలో 24 గంటల పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. బిళ్లను పట్టకారుతోనే ముట్టాలి. వేలి జిడ్డు అంటినా తూకం మారిపోతుంది. ఈ ఓపిక లేనివాళ్లు ఈ పనికి రాకపోవడమే మంచిది.

స్టేడియంలో ఉన్నటువంటి ఆటోమేటిక్ కేంద్రాలు మనిషి తూచకుండానే లెక్క చెబుతాయి. చాలాచోట్ల టేపు మీద పేరుకున్న దుమ్ము గుండా బీటా కిరణాలు పంపి, ఎన్ని దాటాయో చూసి కొలుస్తారు. కానీ గాలి లోపలికి వెళ్లే గొట్టం మూతి శుభ్రం చేయడం, ప్రవాహం సరిచూడటం, టేపు మార్చడం మనుషుల పనే. రోజుకు కనీసం 16 గంటల డేటా లేకపోతే ఆ కాలుష్య కారకానికి ఏక్యూఐ లెక్క కట్టరు. అందుకే మిషన్ ఆగిపోతే అర్ధరాత్రయినా ఫోన్ మోగుతుంది.

దిల్లీ నగరంలో ఇలాంటి కేంద్రాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. కాలుష్యపు పొగ మాత్రం సోనీపత్, గాజియాబాద్, భివాడీ సరిహద్దులు చూసి ఆగదు. ఐదు ప్రభుత్వాల పరిధిని కలిపి చూడటానికే 2021లో చట్టం చేసి ప్రత్యేక కమిషన్‌ను నిలబెట్టారు. చుట్టుపక్కల చిన్న పట్టణాల్లో ఎన్ని కేంద్రాలుంటే దిల్లీ పొగ ఎటునుంచి వస్తోందో అంత బాగా తెలుస్తుంది.

మన దగ్గరా అంతే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖ, విజయవాడతో పాటు ఏలూరు, ఒంగోలు, కడప, శ్రీకాకుళం వంటి 13 పట్టణాలు, తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, సంగారెడ్డి, పటాన్‌చెరు ఉన్నాయి. జాతీయ పర్యవేక్షణ పథకం కింద చేత్తో కొలిచే కేంద్రాల్లో వారానికి రెండు రోజులే, ఏడాదికి 104 నమూనాలే తీస్తారు. మిగతా రోజుల్లో ఆ ఊరివాళ్లు ఏం పీల్చారో ఎవరికి తెలుసు? ఈ ఖాళీ నిండాలంటే మనుషులు కావాలి.

దారులు ఇవీ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ)లో సైంటిస్ట్-బి పోస్టుకు మూలవేతనం రూ. 56,100తో మొదలవుతుంది. ఏపీపీఎస్సీ అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టులు భర్తీ చేస్తుంది. అర్హత ఉన్న బ్రాంచీలేవో ప్రకటనలో చూసుకోవాలి. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు ఉంది. పరిశోధన ఇష్టమైతే తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, హైదరాబాద్‌లో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) జోనల్ కేంద్రం ఉన్నాయి. శిక్షణకు గచ్చిబౌలిలోని పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ (ఈపీటీఆర్ఐ) చూడండి. డిప్లొమా వాళ్లకు పరికరాల కంపెనీల్లో సర్వీస్ ఇంజినీర్ పని, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుల్లో అనలిస్ట్ పని దొరుకుతాయి. మొదట్లో కాంట్రాక్టు ఉద్యోగాలే ఎక్కువ, జీతమూ గొప్పగా ఉండదు. ఈ మాట దాచి మిమ్మల్ని రమ్మనడం తప్పు.

ఇంటర్వ్యూకు ముందు ఒక పని చేయండి. సీపీసీబీ పోర్టల్‌లో మీ ఊరికి దగ్గరి కేంద్రం డేటా ఏడాదిది ఉచితంగా దించుకుని, పైథాన్‌లోనో ఎక్సెల్‌లోనో గ్రాఫ్ గీయండి. ఒకే అంకె గంటల తరబడి కదలకుండా ఉన్న చోట్లు, మాయమైన గంటలు, సంక్రాంతి భోగిమంటల ఉదయాలు వెతకండి. లేజర్‌తో కొలిచే చవక సెన్సర్ దొరికితే దాని అంకె పక్కన తేమ కూడా రాయండి. విశాఖ లాంటి తీరంలో కణాలు తేమకు ఉబ్బి, అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇంకో విషయం. ఇప్పుడు జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద నగరాలకిచ్చే నిధులు పనితీరుతో ముడిపడ్డాయి. అంకె తగ్గితే అందరికీ సంతోషమే. కేంద్రాన్ని చెట్ల గుబురులోకి మార్చమనో, చుట్టూ నీళ్లు చల్లుదామనో ఎవరైనా అనవచ్చు. అలాంటి రోజున లాగ్‌బుక్‌లో ఏం జరిగిందో తేదీ, సమయంతో రాసి, కింద మీ సంతకం పెట్టండి.