క్లిప్పులో కొత్తేముంది? తేల్చి చెప్పగలిగితే అదే కెరీర్

కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్ల స్టార్టర్ డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో చాలావాటి లోపల ఇప్పుడు సర్క్యూట్ బోర్డులుంటున్నాయి. డెల్టా తేమకు మోటారు అదురు తోడైతే వైరు కొసన పెట్టిన టంకం ఊడుతుంది. రాత్రివేళ ఏరేటర్ ఆగితే ఏమవుతుందో చెరువులున్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. టంకంతో పని లేకుండా వేలితో నొక్కితే టక్కుమని పడే కనెక్టర్లకు గిరాకీ అందుకే. ఆ టక్కుమనే క్లిప్పుల మీద ప్రపంచమంతటా వేల పేటెంట్లున్నాయి. రేపు గన్నవరం కుర్రాడెవరో ఇంకో క్లిప్పు చేసి పేటెంటు అడిగితే, అందులో కొత్తదనం ఉందో లేదో ముందుగా పరిశీలించేది జడ్జీ కాదు, లాయరూ కాదు. బీటెక్ చదివిన ఇంజనీరు. ఆ ఉద్యోగం పేరు ఎగ్జామినర్ ఆఫ్ పేటెంట్స్ అండ్ డిజైన్స్.

కానూరు, వడ్డేశ్వరం, గుడ్లవల్లేరు కాలేజీల్లో ఈసీఈ, ట్రిపుల్‌ఈ, మెకానికల్ చదివేవాళ్లు సాఫ్ట్‌వేర్, గేట్, గ్రూప్స్ అంటూ లెక్కలేస్తారు. ఈ పేరు మాత్రం ఎవరి జాబితాలోనూ పెద్దగా కనపడదు. ఇది కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-ఏ గెజిటెడ్ కొలువు. పే లెవెల్ 10, అంటే మూల వేతనం నెలకు రూ.56,100తో మొదలవుతుంది. 2023లో 553 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఇంజనీరింగ్ విభాగాలకు బ్యాచిలర్ డిగ్రీ చాలు, సైన్స్ విభాగాలకు పీజీ కావాలి. వయసు 21 నుంచి 35, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. పేటెంట్ కార్యాలయాలు కోల్‌కతా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలలో ఉన్నాయి. మన పేటెంటు దరఖాస్తులు చెన్నైకి వెళ్తాయి. పోస్టింగు మాత్రం చెన్నైలోనే వస్తుందని అనుకోవద్దు. నోటిఫికేషన్ ఏటా వస్తుందనీ అనుకోవద్దు.

ఇంతకీ ఎగ్జామినర్ చేసే పనేమిటి? ఒక ఊహా దరఖాస్తు తీసుకుందాం. పేటెంటులో అసలు ప్రాణం క్లెయిమ్ అనే వాక్యంలో ఉంటుంది. ఫలానా హద్దు లోపలిదంతా నాది అని చెప్పే వాక్యమది. మన క్లిప్పు క్లెయిమ్‌లో నాలుగు భాగాలున్నాయనుకోండి: బోర్డు రంధ్రంలోకి దూరే స్ప్రింగు కాంటాక్టు, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ తొడుగు, బోర్డు అంచుకు తగులుకునే కొక్కెం, ఆ కొక్కెం మితిమీరి వంగకుండా ఆపే చిన్న అడ్డు.

ఎగ్జామినర్ పాత పేటెంట్లు తవ్వుతాడు. అంతర్జాతీయ వర్గీకరణలో విద్యుత్ కనెక్టర్లన్నీ హెచ్01ఆర్ కింద ఉంటాయి. ప్రింటెడ్ సర్క్యూట్లకు సంబంధించినవి 12వ గ్రూపులో, టక్కుమని బిగుసుకునేవి 13/627లో దొరుకుతాయి. అక్కడొక పాత పత్రంలో మొదటి మూడు భాగాలూ దొరికాయి, అడ్డు లేదు. నాలుగూ ఒకే పత్రంలో లేవు కాబట్టి కొత్తదనం లేదనడానికి వీల్లేదు. అంతటితో గట్టెక్కినట్టు కాదు. ఏదో ప్రింటరు మూత గొళ్లెం మీద రాసిన ఇంకో పత్రంలో సరిగ్గా అలాంటి అడ్డే ఉంది. ఈ రెండింటినీ కలపాలని ఆ రంగంలో మామూలు నేర్పున్న మనిషికి తోచేదేనా? ప్లాస్టిక్ కొక్కెం ఎక్కువ వంగితే విరుగుతుందన్నది బీమ్ లెక్కలు చదివిన ఎవరికైనా తెలుసు. అదే వంపుకి కొక్కెం పొడవు రెట్టింపు చేస్తే ప్లాస్టిక్ మీద పడే సాగుడు నాలుగో వంతుకు తగ్గుతుంది. చోటు లేక పొడవు పెంచలేనివాడు అడ్డు పెడతాడు. కాబట్టి తోచేదే, అంటే ఇన్వెంటివ్ స్టెప్ లేదని అభ్యంతరం రాయాలి. తెలిసిన వస్తువులను పక్కపక్కన పేర్చి, దేని పని అది చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదని చెప్పే పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) కూడా ఇక్కడే తలెత్తుతుంది.

దరఖాస్తుదారుకు జవాబివ్వడానికి ఆరు నెలల గడువు, కోరితే ఇంకో మూడు నెలలు. అతను ఇలా అన్నాడనుకోండి: "మా అడ్డు కొక్కేన్ని కాపాడి ఊరుకోదు. కొక్కెం పడ్డాక కాంటాక్టును బోర్డుకేసి ఒత్తి పెడుతుంది, అందువల్ల అదురుకు కరెంటు తెగదు." ఇప్పుడు రెండు భాగాలు కలిసి కొత్త పని చేస్తున్నాయి, లెక్క మారింది. అయితే ఆ సంగతి మొదట దాఖలు చేసిన వివరణలో ఉండాలి. ఆలస్యంగా తోచినదాన్ని తెచ్చి అతికించడానికి చట్టం ఒప్పుకోదు. ఎగ్జామినర్ తన నివేదిక ఇస్తాడు, ఆఖరి నిర్ణయం పై అధికారి అయిన కంట్రోలర్‌ది.

ఇక్కడ ప్రతి అభ్యర్థీ చదవాల్సిన తీర్పొకటుంది: బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చినది. గొడవ లేతు మీద పాత్రలను బిగించే పద్ధతి గురించి. మామూలు వర్క్‌షాపు సవరింపు పేటెంటుకు తగదని కోర్టు తేల్చింది. మన ఆటోనగర్ షెడ్లలో రోజూ జరిగే సవరింపుల్లో చాలావాటికి ఈ మాటే వర్తిస్తుంది. వాళ్ల చేతి తెలివిని తక్కువ చేయడం కాదిది, చట్టం అడిగే మెట్టు వేరు.

ప్రభుత్వ కొలువు ఒక్కదానికోసమే కూర్చోవద్దని నా సలహా. ఇదే నేర్పుకు ఇంకో రెండు దారులున్నాయి. మొదటిది పేటెంట్ ఏజెంట్: భారత పౌరుడై, 21 ఏళ్లు నిండి, సైన్సు లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష రాయొచ్చు. లా డిగ్రీ అక్కర్లేదు. పాసైతే దరఖాస్తులు రాయడం, పేటెంట్ కార్యాలయం ముందు వాదించడం మీ వృత్తి అవుతుంది. రెండోది కంపెనీలకు పాత పేటెంట్లు వెతికిపెట్టే సెర్చ్ అనలిస్టు. అనుభవం లేనివాళ్లు ముందు అడుగుపెట్టే గుమ్మం సాధారణంగా ఇదే.

ఒక హెచ్చరిక. మన కాలేజీల గోడల మీద "పేటెంట్ సాధించిన విద్యార్థులు" అన్న ఫ్లెక్సీలు చూస్తుంటాం. వాటిలో కొన్ని వట్టి ప్రచురణలే. వెనక్కి తీసుకున్నవీ, రహస్యంగా ఉంచమన్నవీ తప్ప దాదాపు ప్రతి దరఖాస్తూ 18 నెలలకు ప్రచురితమవుతుంది. ఫీజు కట్టి అడిగితే ఇంకా ముందే అవుతుంది. పరీక్షించమని విడిగా కోరనిదే ఎగ్జామినర్ దాన్ని ముట్టుకోడు. రెజ్యూమెలో "పబ్లిష్డ్", "గ్రాంటెడ్" తేడా దాచిపెట్టి ఈ రంగంలో ఇంటర్వ్యూకు వెళ్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. అవతల కూర్చున్నవారి వృత్తే అది.

తయారీకి పెద్ద ఖర్చేమీ లేదు. మన పేటెంట్ కార్యాలయం వెతుకులాట సైట్ ఇన్‌పాస్, యూరప్ వాళ్ల ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్, అన్నీ ఉచితం. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) అకాడమీలో మేధోసంపత్తి మీద ఉచిత ప్రాథమిక కోర్సుంది. ఎన్‌పీటెల్‌లో ఇంజనీర్ల కోసమే పేటెంట్ చట్టం పాఠాలున్నాయి. హైదరాబాద్ నల్సార్ దూరవిద్యలో పేటెంట్ చట్టం మీద పీజీ డిప్లొమా ఇస్తోంది. దరఖాస్తులు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు రాత ఇంగ్లిష్‌ను మెరుగుపరచుకోవాల్సిందే. మాట్లాడే ఇంగ్లిష్ ఇక్కడ అంతగా అక్కరకు రాదు. కామా ఎక్కడ పెట్టాలో తెలిసిన ఇంగ్లిష్ కావాలి.

ఈ వారం పాడైన చార్జరో రిమోటో విప్పి, అందులోని ఒక క్లిప్పును ఒకే వాక్యంలో వర్ణించి చూడండి. తర్వాత అలాంటిదే ఒక పేటెంటు వెతికి, దాని మొదటి క్లెయిమ్‌ను మీ వాక్యం పక్కన పెట్టుకోండి. ఆ రెండింటి తేడా చూస్తూ గంట గడిచినా విసుగు పుట్టకపోతే, తర్వాతి నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేయండి.