మాడిసన్ పట్టణపు పాత కట్టడాలు

ఒక కాలపు జీవన విధానానికి ఆనాటి కట్టడాలు సాక్ష్యాలు. అటువంటి సాక్ష్యాలను పదిలంగా కాపాడుకొన్న పట్టణాలలో అమెరికాలోని మాడిసన్ ఒకటి.

ఇండియానా రాష్ట్రంలో, ఒహైయో నదీతీరాన, కొండల పాదాల చెంత 1809లో ఈ పట్టణం వెలిసింది. ఆవిరి పడవల రాకపోకలతో రేవు కళకళలాడింది. 1847 నాటికి రాజధాని ఇండియానాపొలిస్ వరకు రైలుమార్గం పూర్తయింది. వ్యాపారులు గడించిన ధనం ప్రధాన వీథికి ఇరువైపులా ఇటుక భవనాలుగా రూపుదాల్చింది. కింద అంగడి, పైన నివాసం ఉండటం వాటిలో తరచుగా కనిపించే అమరిక. నదికి అభిముఖంగా జేమ్స్ లేనియర్ అనే ధనికుని సౌధం ఉంది. ఫ్రాన్సిస్ కాస్టిగన్ అనే వాస్తుశిల్పి రూపకల్పనలో 1844లో పూర్తయిన ఆ సౌధపు ఎత్తైన స్తంభాలు గ్రీకు దేవాలయాన్ని తలపిస్తాయి. అంతర్యుద్ధకాలంలో రాష్ట్ర ప్రభుత్వానికి పది లక్షల డాలర్లకు పైగా అప్పిచ్చి ఆదుకొన్నది ఈ లేనియరే.

ఇతర నగరాలకు రైలుమార్గాలు విస్తరించడంతో మాడిసన్ ప్రాభవం క్షీణించింది. విచిత్రమేమంటే, ఆ లేమియే భవనాలను రక్షించింది. పాతవాటిని పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత చాలామందికి లేకపోయింది. అయితే ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో మరొక ముప్పు ఎదురైంది. ఊరి వెలుపలి పెద్ద దుకాణాలకు కొనుగోలుదారులు తరలిపోగా, పాత అంగళ్లు వెలవెలబోయాయి.

1977లో చారిత్రక పరిరక్షణ జాతీయ ట్రస్టు, 'మెయిన్ స్ట్రీట్' అనే ప్రయోగానికి ఎంచుకొన్న మూడు పట్టణాలలో మాడిసన్ ఒకటి. గోడలకు మరమ్మతు చేస్తే చాలదనీ, వాటి నడుమ వ్యాపారం కూడా సాగాలనీ ఆ ప్రయోగం గుర్తించింది. దుకాణదారులను సంఘటితపరచడం, ముఖభాగాలకు పూర్వరూపం కల్పించడం, ప్రజలను మళ్లీ వీథికి రప్పించడం అందులోని భాగాలు.

పరిరక్షణకు కొంత మూల్యం చెల్లించక తప్పదు. చారిత్రక ప్రాంతంలో యజమాని తన భవనపు వెలుపలి రూపాన్ని మార్చదలిస్తే పరిశీలక మండలి అనుమతి పొందాలి. అది సొంతదారుని స్వేచ్ఛకు పరిమితియే. కాని ఒక్క భవనం రూపు చెడినా వీథి అందమంతా దెబ్బతింటుంది. ఈ కట్టుబాటు వెనుక ఉన్న న్యాయమిదే. 2006లో 133 వీథిఖండాల ప్రాంతం జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది.

2009 మే 20న, మరమ్మతులు జరుగుతుండగా, పందొమ్మిదో శతాబ్దినాటి న్యాయస్థాన భవనం అగ్నికి ఆహుతైంది. పైకప్పు, గోపురం కూలినా ప్రజలు దానిని వదులుకోలేదు. పునరుద్ధరణ పొంది 2011లో ఆ భవనం తిరిగి తెరచుకొంది. ఈనాటికీ అది న్యాయస్థానమే. నిత్యజీవితంలో స్థానం ఉన్నంతకాలం పాత కట్టడానికి ఆయువు ఉంటుందని మాడిసన్ చరిత్ర చాటుతున్నది.