మహమ్మారి భయం – కళాశాల విద్యార్థుల మనసు

మన దేశంలో తొలి కోవిడ్ కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. ఆ రోగి చైనాలోని వుహాన్‌లో వైద్యవిద్య చదువుతూ ఇంటికి వచ్చిన ఒక విద్యార్థిని. రెండు రోజులకే ఎయిరిండియా విమానం వుహాన్ నుంచి ఢిల్లీకి తెచ్చిన 324 మందిలోనూ ఎక్కువమంది విద్యార్థులే. అయినా "కుర్రవాళ్లకు ఏమీ కాదు, ముసలివాళ్లకే ప్రమాదం" అన్న మాటే అప్పుడు అందరి నోటా వినిపించింది. ధైర్యం చెప్పడానికి అన్న మాటే. ఎంతోమంది విద్యార్థులను భయపెట్టింది కూడా అదే.

అసలు భయం చెడ్డదేమీ కాదు. మన మెదడులో బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. అపాయం కనబడగానే అది హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, అరచేతులు చెమరుస్తాయి. కుక్క తరిమినప్పుడు పరుగెత్తడానికి ఇదంతా పనికొస్తుంది. కుక్క వెళ్లిపోతే శరీరం మెల్లగా కుదుటపడుతుంది. కంటికి కనిపించని వైరస్ వెళ్లిపోయిందని మనకు ఎవరు చెబుతారు? పైగా భయంతో ఊపిరి బరువైతే అదే జబ్బు లక్షణమేమో అనిపిస్తుంది. దాంతో భయం ఇంకా పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. నిద్ర లేకపోతే చదివింది గుర్తుండదు.

ఈ భయాన్ని కొలవడానికి 2020లోనే పరిశోధకులు ఏడు ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 7కూ 35కూ మధ్య వస్తుంది. నిద్ర పట్టడం లేదా, గుండె దడగా ఉందా, వార్తలు చూస్తే కంగారుగా ఉందా, ప్రాణం పోతుందని భయమా వంటివి అందులో ఉన్నాయి. చాలా దేశాల్లో కళాశాల విద్యార్థులను కూడా ఆ ప్రశ్నలే అడిగారు. మాకు మాత్రం అందులో ఒక లోటు కనిపిస్తుంది. "నా వల్ల ఇంట్లోవాళ్లకు వస్తుందేమో" అన్న ప్రశ్న ఆ ఏడింటిలో లేదు.

మా ఇంట్లో జరిగింది చూసే ఈ మాట అంటున్నాం. అప్పుడు మేము జోధ్‌పూర్‌లో క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అక్క వరంగల్‌లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పుస్తకాలు గదిలోనే వదిలేసి, ఒక్క సంచితో రైలెక్కి వచ్చింది. వచ్చిన వారానికి నానమ్మకు దగ్గు మొదలైంది. ఆ ఊరి దుమ్ముకు ఏటా ఎండలు మొదలవగానే వచ్చే దగ్గే అది. అక్కకు ఆ సంగతి తెలియదు; ఆ ఇంట్లో ఆమె అంతకు ముందు సెలవులకు తప్ప ఉన్నది లేదు. చర్మం పగిలేదాకా చేతులు కడుక్కునేది. భోజనానికి పిలిస్తే తలుపు తీసేది కాదు. చదువుకున్నాక పొగరు పెరిగిందని మేము నవ్వుకున్నాం కూడా. రాత్రుళ్లు తలుపు వారగా నిలబడి నానమ్మ దగ్గు లెక్కపెట్టేదాన్నని ఏడాది తర్వాత గానీ చెప్పలేదు.

బదిలీల ఇళ్ల పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. హాస్టల్ మూతపడితే మిగతావాళ్లు సొంత ఊరికి వెళ్లారు. మనవాళ్లు నాన్నగారికి పోస్టింగ్ ఉన్న ఊరికి వెళ్లారు. అక్కడ ఒక్క స్నేహితుడూ ఉండడు, భాష కూడా సరిగా రాదు. ఇక పరీక్షలు ఎప్పుడో, అసలు ఉంటాయో లేదో తెలియని అయోమయం ఒకటి. చివరి సంవత్సరం పరీక్షల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2020 ఆగస్టు 28న గానీ తేలలేదు.

అక్క విషయంలో మందులేవీ వాడలేదు. నానమ్మే గుమ్మం అవతల కుర్చీ వేసుకుని, "ఇది ఇక్కడి దుమ్ము దగ్గే తల్లీ, మూడేళ్లుగా ఉంది" అంది. అక్క ఆ రోజు అన్నం తిన్నది. వార్తలు రోజుకు ఒక్కసారే చూడాలని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. అందరికీ ఇంత తేలికగా తగ్గకపోవచ్చు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, చదువు దారికి రాకపోతే వైద్య సలహా తీసుకోవాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మన దేశంలో ఏ మూలకు బదిలీ అయినా సరే, తెలుగులోనే మాట్లాడవచ్చు.