మొక్కజొన్నలో ఎత్తు చూడవలెనా, కండె చూడవలెనా?



మహాశివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు తరలిపోవు రోజులలో, దారికి ఇరువైపుల రబీ మొక్కజొన్న కండె నిండి కనబడును. ఆరడుగులు మించి పెరిగిన చేను కనబడగానే "ఆ విత్తనమే మనమును వేయుదము" అని పలువురు అనుకొందురు. ప్రభకు ఎత్తు కావలసినదే గాని, మొక్కజొన్నకు ఎత్తు గింజ కాదు.

ప్రయోగ క్షేత్రములలో ఎత్తైన మొక్కలకు దిగుబడి కూడ హెచ్చుగా ఉండుట తరచు చూతుము. సారము, నీరు దండిగా అందినచో రెండును కలిసియే పెరుగును. అంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు. మెక్సికోలో టుస్పెనో అను ఎత్తైన రకమునుండి పొట్టి మొక్కలనే 15 తరములు ఏరుచు వచ్చిరి. 1986లో ప్రకటించిన ఫలితముల ప్రకారము ఎత్తు 282 నుండి 179 సెంటీమీటర్లకు దిగినది. దిగుబడి మాత్రము పెరిగినది! పొట్టి మొక్క గాలికి పడదు, దగ్గరగా వేసినను తట్టుకొనును.

ఇక కండెను ఒలిచి లెక్కింపుడు. గింజల వరుసలు సరిసంఖ్యలోనే ఉండును. పూమొగ్గలు జంటలుగా పుట్టుటయే కారణము. 14 వరుసలు, వరుసకు 32 గింజలు, నూరు గింజల బరువు 28 గ్రాములు అనుకొందము. కండెకు 448 గింజలు, అనగా సుమారు 125 గ్రాములు. వరుసకు మరి రెండు గింజలు నిండినచో దాదాపు 8 గ్రాములు హెచ్చును. 60 × 20 సెంటీమీటర్ల ఎడమున ఎకరాకు సుమారు 33 వేల మొక్కలు పట్టును. మొక్కకొక కండె చొప్పున ఎకరాకు రెండున్నర క్వింటాళ్ల తేడా! అయితే వరుసలు హెచ్చినచో తరచు గింజ సన్నమగును. కనుక ఒక్క గుణమునే పట్టుకొనరాదు.

కండె కొన బోసిగా ఉన్నదా? ఒక్కొక్క పీచు ఒక్కొక్క గింజకు దారి. కొనయందలి పీచు అన్నిటికంటె ఆలస్యముగా వెలువడును. పూత సమయమున నీరు చాలనిచో పీచు మరింత ఆలస్యమై, అప్పటికి పుప్పొడి రాలిపోవును. అందుచేతనే పుప్పొడి రాలుటకు, పీచు వెలువడుటకు నడుమ రోజులు తక్కువగా ఉన్న వంగడములను ప్రజననకారులు కోరుదురు. మీరును ఆ రోజులు లెక్కించి వ్రాసికొనుడు.

రెండు హైబ్రిడ్లను పోల్చునప్పుడు గట్టు మీది కండెను కోయకుడు. వెలుతురు, ఎరువు ఎక్కువ అందిన ఆ కండె వంగడపు గుణము చెప్పదు. అంచు సాళ్లు విడిచి, రెండింటిలోను సమాన విస్తీర్ణమున కండెలన్నియు కోసి, ఒకే విధముగా ఆరబెట్టి, గింజ ఒలిచి తూచుడు.